వంతు దిగని మనిషి

ఆయన్ని అందరూ అద్దాలాయన అనేవారు. కళ్లద్దాల వర్క్‌షాపులో అద్దాల అంచులు అరగదీయడం ఆయన పని. అక్కడ మిషన్ల రొదకి చెవుల్లో దూది పెట్టుకుని ఎవరి మిషను ముందు వాళ్లు కూర్చుంటారు. సాయంత్రం దూది తీశాక వినడానికి ఏమైనా ఉంటే కదా. ఇల్లు రెండు గదులు. పెళ్లి ఊసెత్తినప్పుడల్లా రేపు మాపు అంటూ యాభై దాటించేశాడు. ఆదివారం అక్క ఫోన్ చేస్తేనే ఆ ఇంట్లో మాటలు వినిపించేవి.

మోకాళ్లు మొరాయించడం మొదలయ్యాక ఎలక్ట్రిక్ సైకిలు కొన్నాడు. సన్నటి టైర్లు, వంపు హ్యాండిలు, చూడ్డానికి పందేల సైకిలే. తొక్కుతుంటే మాత్రం లోపలి మోటారు కాస్త సాయం పడుతుంది.

"ఏరా, పెళ్లి చేసుకోరా అంటే సైకిలు కొనుక్కున్నావా?" అంది అక్క.

"ఇదైతే నా వంటకి వంకలు పెట్టదు కదక్కా."

అక్క నవ్వింది. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు కాసేపు ఆయన చెవిలో ఉండిపోయింది.

మోకాళ్ల కోసమని అందరితో చెప్పాడు గానీ అసలు సంగతి వేరు. బస్సు కిటికీలోంచి రోజూ చూసేవాడు. ఊరి చివరి పెద్ద రోడ్డు మీద, పనులకి వెళ్లే కొందరు సైకిళ్ల మీద బారుగా వెళుతూ తెగ కబుర్లు చెప్పుకునేవారు. ఆ బారులో తనకీ చోటు కావాలనిపించింది. మామూలు సైకిలు మీద వాళ్లని అందుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

ఆ రోడ్డు మీద ఎదురుగాలి ఎక్కువ. ముందున్న మనిషి గాలిని కాసుకుంటే వెనకవాళ్లు తేలిగ్గా తొక్కుతారు. అందుకని వంతులు. కాసేపు ముందు తొక్కినవాళ్లు మోచెయ్యి ఆడించి పక్కకి తప్పుకుని, మెల్లగా బారు చివరికి జారతారు. అలా జారేటప్పుడే ఒక్కొక్కరి పక్కనా కాసేపు కబుర్లు. పిల్లల మార్కులు, అత్తగారి చెవుడు, ఆఫీసులో పనిచేయని లిఫ్టు, అన్నీ అప్పుడే.

మనవాడు మొదటిరోజే వెళ్లి ముందు నిలిచాడు. నోటికి గుడ్డ, కళ్లకి గాగుల్స్ కట్టుకుని తొక్కాడు. తనకి మోటారుంది, పాపం వాళ్లెందుకు గాలి దెబ్బ తినడం అనుకున్నాడు. వంతు దిగనే లేదు. మర్నాడూ అంతే. నెలలు గడిచాయి. పెట్రోలు బంకు దగ్గర కాచుకుని, వాళ్లు రాగానే ముందుకి చేరేవాడు. ఫ్లైఓవరు దాటాక వాళ్లు ఎడమకి తిరిగితే చెయ్యెత్తి తిన్నగా వెళ్లిపోయేవాడు. అందరూ ఆయన్ని వీపు వైపు నుంచే ఎరుగుదురు. వెనక నవ్వులు వినిపిస్తే ఎందుకో తెలియకపోయినా తనూ గుడ్డ చాటున నవ్వుకునేవాడు. మంచితనం ముదిరితే ఇలాగే ఉంటుంది. వాళ్లకి తను కావలసినవాణ్నని గట్టిగా నమ్మాడు. నమ్ముకోవడానికి ఆయనకి ఇంకేం ఉంది.

ఒకరోజు మోటారు మొండికేసింది. రిపేరు షాపతను దాన్ని ఉంచుకుని మామూలు సైకిలొకటి ఇచ్చాడు. మర్నాడు దానిమీదే బారు చివర చేరాడు. అక్కడ గాలే లేదు, అందుకే మామూలు సైకిలైనా వాళ్లతో సాగింది. గుడ్డా గాగుల్సూ అక్కర్లేకపోయాయి. కాసేపటికి ముందునుంచి జారుతూ ఒకావిడ ఆయన పక్కకి వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో నర్సు. ఇన్నాళ్లూ వెనకనుంచి వినబడ్డ మాటల్ని బట్టి ఆయనకి ఆ సంగతి తెలుసు.

"కొత్తగా వస్తున్నారా?" అంది.

ఆయన తలూపాడు.

"ఇవాళ గాలి చంపేస్తోందండీ. మా ఇంజను రాలేదు."

"ఇంజనా?"

"ఎలక్ట్రిక్ సైకిలాయన ఒకరున్నారు లెండి. మేం పెట్టిన పేరు. రోజూ ముందు ఆయనే."

"మంచివాడిలా ఉన్నాడే" అన్నాడు, ఇంకాస్త వినాలని.

"ఏమోనండీ. ఒక్కరోజు కూడా వెనక్కి రాడు, ఒక్క మాట మాట్లాడడు. మోటారున్నవాళ్లకి మాతో ఏం పని? కొంచెం పొగరనుకుంటా."

ఆయన హ్యాండిలు వైపు చూస్తూ తొక్కాడు. ఆవిడ మాత్రం తన చోటికి వెళ్లకుండా పక్కనే ఉండి అడుగుతూనే ఉంది. పని ఎక్కడ, అద్దాలు అరగదీస్తే కళ్లు మండవా, మా అమ్మాయి ఊరికే విరగ్గొడుతుంది, ఏ ఫ్రేమైతే ఆగుతుంది? ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. అంత హాయిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఫ్లైఓవరు ఎక్కేచోట మోకాళ్లు చేతులెత్తేశాయి.

"రేపు రండి" అంటూ ఆవిడ సాగిపోయింది. ఆయన దిగి సైకిలు నడిపించుకుంటూ ఎక్కాడు. ఆ రోజు పనిలో రెండు జతలు వంకరగా అరగదీశాడు. ఇంజను తనేనని చెబితే ఆవిడ మళ్లీ నోరు విప్పదు. చెప్పకుండా ముందు నిలబడితే పొగరుబోతుగానే మిగిలిపోతాడు.

సాయంత్రానికి మోటారు బాగైంది. మర్నాడు పొద్దున్న ఆ సైకిలు చూడగానే బారు పక్కకి జరిగి దారిచ్చింది. "ఇంజను వచ్చేసింది" అన్నారెవరో సంబరంగా. ఆయన ముందుకి వెళ్లలేదు. గాగుల్స్ తీసి, గుడ్డ కిందికి లాగాడు.

"ఇవాళ నుంచి నేనూ వంతులోనే తొక్కుతానండీ" అన్నాడు.

బ్యాంకులో పనిచేసే పెద్దాయన ఉసూరుమంటూ ముందుకి వెళ్లాడు, ఆయన తర్వాత నర్సు వెళ్లింది. నవ్వుల్లేవు, గాలి చప్పుడే. ఉన్న కాస్త మర్యాదా పోగొట్టుకున్నానా అనుకున్నాడు.

నర్సు జారుతూ పక్కకి వచ్చింది. ఆయన మొహం చూసి నిన్నటి మనిషేనని పోల్చింది. ఆవిడ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"నిన్ననే చెప్పచ్చు కదండీ."

"చెబితే మాట్లాడటం ఆపేస్తారని."

ఆవిడ నిజంగానే ఆపేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందనుకున్నాడు. కాసేపటికి ఆవిడే, రోడ్డు వైపు చూస్తూ, "ఇన్నాళ్లూ ఇంజనన్నాం. మీ పేరేంటండీ?" అంది.

ఇంటిపేరుతో సహా చెప్పాడు. పైకి పలికి ఎన్నాళ్లయిందో, ఇంకెవరి పేరో చెబుతున్నట్టు ఉంది. సరిగ్గానే అన్నానా అన్నట్టు ఆవిడ ఒకసారి తిరిగి పలికింది. అక్క కూడా ఒరే అనే పిలుస్తుంది. ఆ పేరు ఇంకొకరి నోట విని ఆయన తలూపాడు. అంతలో ఆవిడ జారి ఆయన వెనక్కి చేరిపోయింది. ఆయన ముందు ఎవరిదో వీపు ఉంది.