గ్రైండర్ దగ్గర చెప్పుల చప్పుడు

ఒట్టు పెట్టకూడదని మా క్రైస్తవ సంఘంలో నేర్పారు. అవునంటే అవును, కాదంటే కాదు... అంతే. కాబట్టి ఒట్టు లేకుండానే చెబుతున్నాను. ఇది జరిగింది. మొగల్తూరు దగ్గర, మా ప్రార్థన కూటాల వంటశాలలో, నాకే జరిగింది.

మూడు రోజుల కూటాలు. పందిరి వెనక తడికలతో వంటశాల కట్టారు. వైరింగ్ ఎప్పుడూ నాదే. దీపాలకు ఒక లైను, ఫ్రిజ్‌కు ఒకటి, నీళ్ల మోటారుకు ఒకటి, పెద్ద గ్రైండర్‌కు ఒకటి. బోర్డులో దేని స్విచ్ దానిదే. అన్నిటికీ ముందు ట్రిప్పర్. కరెంటు కాస్త బయటికి లీకైనా టక్కున మొత్తం ఆపేస్తుంది.

మా దగ్గర ఒక అలవాటుంది. ప్రార్థించి ప్రతిష్ఠించిన నేల కాబట్టి వంటశాలలో కూడా ఎవరూ చెప్పులు వేసుకోరు. తెల్లవారుజామున పని మొదలుపెట్టే ముందు స్త్రీలందరూ గిన్నెల మీద, గ్రైండర్ మీద చేతులుంచి ప్రార్థిస్తారు. తడి నేల... ఉత్త కాళ్లు... ఇనుము మీద చేతులు.

ఆ రాత్రి గ్రైండర్ లైను వేస్తే చాలు, ట్రిప్పర్ పడిపోతోంది. మూడుసార్లు పడింది. వంటలు చూసే సుగుణమ్మగారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఏంటన్నయ్యా ఇది? పప్పు నానిపోయి కూర్చుంది. పొద్దున్నే ఇడ్లీలకి జనం వచ్చేస్తారండి."

"నేల తడిసింది కదమ్మా, ఊరికే పడుతుంది."

"అయితే ఆ ట్రిప్పర్‌ను తీసి పక్కన పెట్టెయ్యండి. దేవుడి పని, దేవుడే చూసుకుంటాడు."

ఆ మాట నాకూ నచ్చింది. అదే నా తప్పు. ట్రిప్పర్‌ను తప్పించి తీగలు నేరుగా కలిపేశాను. లైను వేశాను. ఈసారి పడలేదు. గ్రైండర్ మీది చిన్న ఎర్ర దీపం వెలిగింది. నాలుగింటికి వస్తామని ఆడవాళ్లు పడుకోవడానికి వెళ్లారు. నేను బోర్డుకు వీపు పెట్టి బియ్యం బస్తా మీద కూర్చున్నాను.

కాసేపటికి ఎర్ర దీపం ఆరిపోయింది. లేచి చూస్తే, బోర్డులో గ్రైండర్ స్విచ్ కిందకి పడి, ఆఫ్‌లో ఉంది. వదులై ఉంటుందనుకుని పైకి నెట్టాను. మళ్లీ... టక్. మళ్లీ నెట్టి, బోర్డు ముందే నిలబడ్డాను.

మూడోసారి, ముందు వేరే చప్పుడు వినిపించింది.

ఫట్... ఫట్...

తడిసిన రబ్బరు చెప్పుల చప్పుడు. చెప్పులే లేని చోట. గ్రైండర్ దగ్గర మొదలైంది. నీళ్ల డ్రమ్ము పక్కనుంచి వచ్చింది. తొందర లేదు. పనున్న మనిషి నడక... ఫట్... ఫట్... సరిగ్గా నా వెనక ఆగింది. మెడ తిప్పలేకపోయాను. లోపలే ప్రార్థించుకున్నాను.

టక్.

తిరిగి చూశాను. దీపాల లైను వేరు కదా... అంతా పట్టపగలులా ఉంది. ఎవరూ లేరు.

గ్రైండర్ ముందు మాత్రం ఒక జత హవాయి చెప్పులు. నీలం రంగువి, అరిగినవి. అంతకుముందు అక్కడ లేవు... లేవనే అనుకుంటున్నాను.

ఎందుకు వేసుకున్నానో తెలియదు. వాటితోనే వెళ్లి స్విచ్ పైకి నెట్టాను. తిరిగొచ్చి గ్రైండర్ ఒంటికి టెస్టర్ ఆనించాను. వెలిగింది. దాని ఒళ్లంతా కరెంటే.

సరిగ్గా అప్పుడే ఆడవాళ్లు వచ్చారు. సుగుణమ్మగారు కళ్లు మూసుకుని, ప్రార్థనకు చెయ్యి చాచేశారు.

"ముట్టుకోకండి!"

ఆ చెయ్యి జానెడు దూరంలో ఆగింది.

లైను ఆపి ప్లగ్గు తీసి చూస్తే, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు పిన్ను విరిగిపోయి ఉంది. ట్రిప్పర్ అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దున అందరికీ ఉప్మా పెట్టాం.

"దేవదూతే. కూటంలో సాక్ష్యం చెప్పండి" అన్నారు పాస్టరుగారు, జరిగిందంతా విని.

"దేవదూత హవాయి చెప్పులేసుకుని, ప్రతిష్ఠ చేసిన నేల మీద నడుస్తాడాండి?" అన్నారు సుగుణమ్మగారు.

 అదెవరో నాకూ తెలియలేదు. దయ్యమైతే కాపాడదు. మనిషైతే కనబడాలి. నిద్రమత్తు అందామా... మరి ఆ చెప్పులు? ఎవరివని మైకులో అడిగించాం. ఎవరూ రాలేదు.

ఇప్పుడు మా వంటశాలలో అందరూ చెప్పులు వేసుకునే ప్రార్థిస్తారు. ఆ జతను మాత్రం నేను బోర్డు కింద ఉంచుతాను. ఎవరూ వేసుకోరు. అయినా కూటాలు జరిగిన ప్రతిసారీ, తెల్లవారేసరికి, వాటి కింద నేల తడిగా ఉంటుంది. నీళ్ల డ్రమ్ము దగ్గరే కదా అనుకుంటాను. అనుకుంటూనే... వెళ్లి గ్రైండర్ ప్లగ్గు మళ్లీ ఒకసారి చూస్తాను.