ముప్పై ఒకటో పాచిక

దయ్యాల సంగతి ముందే చెప్పేస్తాను. నాచారంలో శ్మశానం గోడను ఆనుకున్న ఇంట్లో ఆరేళ్లు అద్దెకున్నాను. ఆ ఆరేళ్లలో నన్ను భయపెట్టినవి బొద్దింకలు మాత్రమే. పైగా నా ఉద్యోగం మందుబిళ్లల కంపెనీలో, నాణ్యత పరీక్షలు చేసే విభాగంలో. కళ్లతో చూసి పెన్నుతో రాసిందే నమ్ముతాను. అలాంటి నాకు ఇది జరిగింది కాబట్టే రాస్తున్నాను.

నాలుగేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు ఉప్పల్‌లో ఇమ్రాన్ వాళ్లింట్లో మేం నలుగురం ఒక ఆట ఆడుతున్నాం. బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆట. ఇమ్రాన్, కవిత, శ్రీనన్న తలా ఒక వీరుడు. రాక్షసుల్ని, కోటల్ని, గొడవల్ని తయారుచేసి కథ నడిపే పని నాది. ఎవరు కత్తి దూసినా తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎక్కువ పడితే మంచిది, ఒకటి పడితే కొంప మునిగినట్టే. మా దగ్గర దాచి వేయడం లేదు. ఎవరి పాచికైనా స్టీలు పళ్లెంలో, అందరి ముందూ పడాలి. రాక్షసులకు బొమ్మలు కొనే ఓపిక లేక చింతపిక్కలు పెట్టుకుంటాం.

శ్రీనన్న రైల్వేలో సిగ్నళ్లు చూస్తాడు. మాలో పెద్దవాడు, యాభై దాటాయి. ఆయన వీరుడి పేరు భూమన్న, గొడ్డలి పట్టుకుని అందరికంటే ముందు దూకే రకం. ఆయనకు గుంతకల్లు బదిలీ అయింది. పిల్లల చదువుల కోసం ఇల్లు ఇక్కడే ఉంచి తనొక్కడే వెళ్తున్నాడు.

"నెలకొక ఆదివారం ఇంటికొస్తనే ఉంట చెల్లె. భూమన్న బతికుంటే మీ దగ్గరికి గూడ వస్త. వాడు పోతే మాత్రం ఇగ అంతే. ఈ వయసుల ఇంకొకన్ని తయారు జేసే ఓపిక నాకు లేదు," అన్నాడు.

ఆయన వెళ్లేముందు చివరి ఆదివారం ఒక చిన్న యుద్ధం కావాలన్నారు. సాయంత్రం రైలు, కాబట్టి రెండు గంటల్లో అయిపోవాలి. నేను కట్టిన యుద్ధాలు నాలుగు గంటలు సాగుతాయని మావాళ్లు నన్ను ఏడిపిస్తుంటారు. ఈసారి పట్టుదలగా కూర్చున్నాను. లోయ మీద తాళ్ల వంతెన, అవతల తొమ్మిది మంది రాక్షసులు, ఇవతల మన ముగ్గురు. అంతే.

శనివారం పొద్దున ఇంట్లో అందరి తరఫునా నేనే పాచిక వేస్తూ ఒకసారి ఆడి చూశాను. కంపెనీ అలవాటు పోదు కదా, వరుస నంబరు వేసి పడిన ప్రతి అంకె నోట్‌బుక్‌లో ఇంకుతో రాశాను. పైన తేదీ, టైము కూడా వేశాను.

ముప్పై ఒకటో పాచిక భూమన్నది. వంతెన తాళ్లు నరకబోయాడు. ఒకటి పడింది. వంతెన నుంచి జారి లోయలోకి పోయాడు.

భూమన్న పోతే ఇక రానన్నాడు శ్రీనన్న. మళ్లీ వేసుకోవచ్చు, చూసేవాళ్లెవరూ లేరు. కానీ ఫలితం నచ్చలేదని పరీక్ష మళ్లీ చేయడం మా వృత్తిలో పెద్ద తప్పు. అక్కడితో నోట్‌బుక్ మూసేశాను. రేపు అంకెలు వేరే పడతాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం మూడింటికి మొదలుపెట్టాం. మొదటి పాచిక పద్నాలుగు, తర్వాత మూడు, పదిహేడు, తొమ్మిది. ఎక్కడో చూసినట్టనిపించింది. ఎనిమిదో పాచిక తర్వాత ఒళ్లో ఉన్న నోట్‌బుక్ తెరిచాను. ఎనిమిదీ అవే, అదే వరుస.

యాదృచ్ఛికం అనుకున్నాను. పన్నెండోది కూడా కలిసింది. పాచిక అరిగిందని అబద్ధమాడి ఇమ్రాన్ ఎర్ర పాచిక తెప్పించాను. పళ్లెం తీయించి దుప్పటి మీద వేయించాను. నిన్న నేను ఆడినట్టు వీళ్లు ఆడటం లేదు, ఎత్తుగడలు వేరు, వంతులు వేరు. పడే అంకెలు మాత్రం నా చేతిరాతలోవే. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు పట్టాయి.

ముప్పై అయ్యాయి. తర్వాతి వంతు శ్రీనన్నది. భూమన్న వంతెన మీదే ఉన్నాడు, తాళ్లు నరుకుతానంటున్నాడు. ఇక ఉండబట్టలేక నోట్‌బుక్ బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను.

ఇమ్రాన్ నవ్వాడు. "అక్కా, మంత్రాలు గింత్రాలు ఏమన్న నేర్సినవా ఏంది?"

కవితకు ఆట లెక్కలన్నీ ఫోన్‌లో రాసుకునే అలవాటు. ఒక్కో అంకె సరిచూసింది. ముప్పైకి ముప్పై సరిపోయాయి. ఇమ్రాన్ నవ్వు ఆగిపోయింది. కవిత నోట్‌బుక్ పేజీ ఫోటో తీసింది, ఇప్పటికీ తన ఫోన్‌లో ఉంది.

"ఇక్కడికి ఆపేద్దాం అన్నా. భూమన్న బతికే ఉంటాడు," అన్నాను. ఆయన మళ్లీ రాడేమోనన్నదే నా బాధ.

శ్రీనన్న పేజీ వంక చూశాడు. "ఒకటి పడుతదని ఎయ్యకుంట కూసుంటే అది భూమన్న గాదు," అని పాచిక వదిలాడు.

ఒకటి.

భూమన్న లోయలోకి జారిపోయాడు. శ్రీనన్న నోట్‌బుక్ తన వైపు తిప్పుకుని, "దీని తర్వాత ఏమున్నది?" అన్నాడు. ఏమీ లేదని చెప్పాను, ఆ కింద అంతా తెల్ల కాగితమే.

"అయితే జర ఇటియ్యి," అంటూ మిగిలిన చింతపిక్కలన్నీ తన ముందుకు లాక్కున్నాడు. రాక్షసుల్ని ఆడించే పని నాదే, అయినా అడ్డు చెప్పలేదు.

తర్వాత అరగంట ఆ మనిషి రాక్షసుల తరఫున మా మీద పడిన తీరు చూడాలి. నాలుగేళ్ల స్నేహం అన్న కనికరం లేదు. వెనక నుంచి చుట్టుముట్టాడు, కవిత వీరురాలిని చెట్టెక్కించాడు, ఇమ్రాన్ వీరుణ్ని చావుకు ఒక్క దెబ్బ దూరంలో నిలబెట్టాడు. కవిత చెట్టు మీద నుంచి చివరి బాణం వేసి గెలిచేసరికి అందరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాం. రైలుకు టైమైందని ఆయన భార్య రెండుసార్లు ఫోన్ చేసింది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు, "వచ్చే నెల గూడ రాక్షసులు నాయే. ఇంకెవ్వరికి ఇయ్యకు."

ముప్పై ఒక్కసార్లు వరసగా కలిసే అవకాశం ఎంతో లెక్కేద్దామని ఆ రాత్రి కూర్చున్నాను. సున్నాలు లెక్కపెట్టలేక వదిలేశాను. తర్వాత రెండు పాచికలనూ కంపెనీ త్రాసు మీద తూచాను, దేనిలోనూ తేడా లేదు. దయ్యమంటే ఒప్పుకోను, వేరే కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

ఇప్పుడు కొత్త యుద్ధం కట్టినప్పుడు ఒంటరిగా ఆడి చూడను. శనివారం శ్రీనన్నకు ఫోన్ చేస్తాను. గుంతకల్లులో ఆయన పాచిక వేస్తాడు, నాచారంలో నేను వేస్తాను. పడ్డ అంకెలు ఇద్దరం గట్టిగా చెప్పుకుంటాం. రాసుకోము.