పండుగ కాకముందే తెంపిన కాయ

మొన్న ఆఫీసు క్యాంటీన్లో ఎవరో పచ్చి మామిడికాయ కోశారు. ఆ పుల్లటి వాసనకు పళ్లు జివ్వుమన్నాయి, వెంటనే ఒళ్లు మండింది. కాయ మీద కాదు, నా మీద నాకే. ఏమైందని అడిగిన మా ఆఫీసు పిల్లలకు రాజ్యమక్క ఎవరో తెలియదు. వాళ్లు చిన్నప్పుడు ఆడుకున్న వీడియో గేముకు మొదట కథ అల్లింది ఆమే. పెట్టె మీద ఎక్కడా ఆమె పేరు లేదు.

తొంభైల చివర్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఆమె క్రియేటివ్ డైరెక్టర్. నేను ఆమె కింద మాటలు రాసేదాన్ని. ఆమెది ఏన్కూరు, మాది కూసుమంచి, రెండూ ఖమ్మం జిల్లావే. మొదటి రోజే నా పేజీలు తిరగేసి, "అడవి గురించి రాసినవ్. ఎప్పుడన్న పోయినవా?" అంది. లేదన్నాను. "మరి గిదంతా ఏంది, కూసొని ఊహించినవా?" అని ఆ వారమే నన్ను తనతో పాటు భద్రాచలం అవతలి చర్ల బస్సెక్కించింది. సగం దారి రోడ్డే లేదు.

అక్కడొక అడవి పల్లెలో ముత్తన్న తాత మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి జొన్న గటక పోయించాడు. మేము గీసుకెళ్లిన బొమ్మలు ఆయన ముందు పరిచాం. మా ఆటలో పిల్లవాడు చెట్టెక్కి మామిడికాయ కోస్తే పది పాయింట్లు. తాత ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయాడు.

"ఇంకా పండుగ కాలే బిడ్డా. అప్పుడే కాయ తెంపిండేంది?"

ఊరంతా కూడి దేవతకు పెట్టందే ఆ ఏటి కాయ ఎవరూ ముట్టరట. నాకు నవ్వొచ్చింది. అక్క మాత్రం ఆ బొమ్మ చింపేసి, "ఆట గిక్కడుంది చెల్లె" అంది. ఇల్లిల్లూ తిరిగి అందరినీ పండుగకు పోగుచేస్తేనే కాయ చేతికి వచ్చేలా కథంతా మార్చింది. అంత మంచి ఆట నేను మళ్లీ చూడలేదు.

మా యజమానికి అది రుచించలేదు. అడవి మొహం చూడని మహానుభావుడు! "పండుగలు ఎవడాడుతడమ్మా? కాల్చేది పెట్టు. అడవోళ్లు బాణాలేస్తరు, మనోడు కాలుస్తడు" అన్నాడు.

"ఇంట్ల కూసోబెట్టి గటక పోసినోళ్లను కాల్పిస్తరా? నేను రాయ" అని అక్క లేచి నిలబడింది. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు చెల్లె, మనమీద ఎవరన్న బాణమేసిండ్రా?" అంది.

నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. అక్క ఆ రోజే ఉద్యోగం వదిలేసింది.

మిగిలింది నేను రాశాను. బాణం వేసేముందు శత్రువు ఏదో ఒకటి అరవాలన్నారు. కొత్త మాట తట్టక, "అప్పుడే కాయ తెంపినవేంది!" అని అరిపించాను. ఆట బాగా అమ్ముడుపోయింది, నాకు ప్రమోషన్ వచ్చింది. మా వీధి పిల్లలు ఆ మాట అరిచి ఉత్తుత్తి తుపాకులతో కాల్చుకుంటుంటే మురిసిపోయాను కూడా. థూ, నా బతుకు!

కొన్నాళ్లకు ఖమ్మం బస్టాండులో అక్క కనిపించింది. ఆటను ఎక్కడో చూసిందట.

"ఆ అరుపు నువ్వే రాసినవా?"

"అవ్ అక్కా."

"నువ్వు రాయలే చెల్లె. మనకు కడుపునిండ పెట్టి ఆయన చెప్పిన మాటది."

అంతే, బస్సెక్కి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ఇవాళ నేనూ క్రియేటివ్ డైరెక్టర్నే. ఎవరినైనా ఊరికే శత్రువుల్ని చెయ్యమంటే, ఏ యజమాని ముందైనా సరే, "నేను రాయను" అని లేచి నిలబడతాను. మా ఆఫీసు పిల్లలు నా ధైర్యాన్ని మెచ్చుకుంటారు. అక్క నన్ను సాక్ష్యం అడిగిన రోజు ఆ రెండు మాటలు నా నోట రాలేదని వాళ్లకు ఏ మొహంతో చెప్పను?