లెక్క తప్పిన కాజ్ వ్రోనా

బాయిలర్లు బిగించే కాసిమిర్ వ్రోనాకి, అంటే అందరూ పిలిచే కాజ్‌కి, ఉన్న జబ్బు ఒక్కటే. ఆవిరితో గదిని వెచ్చబెట్టే రేడియేటర్ కనిపిస్తే చాలు, దాని ఇనుప పక్కటెముకలు లెక్కపెట్టకుండా ఉండలేడు. ఊరికే చూసి కాదు, వేలి కణుపుతో ఒక్కొక్కదాన్నీ తట్టి, పదిమందికీ వినబడేలా. మధ్యలో ఎవరైనా పలకరించారో, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మేనకోడలి పెళ్ళిలో వధూవరులకన్నా ముందు హాల్లోని రేడియేటర్లను పలకరించి వచ్చిన ఘనుడు.

అలాంటి మనిషిని లిండెన్ కోర్ట్‌కి తెచ్చి నెత్తిన పెట్టుకున్నది డొలొరెస్ ఫినెగన్. అమెరికాలోని బఫెలో నగరంలో ఇరవై నాలుగు ఇళ్ళున్న ఆ పాత భవనంలో నివాసుల సంఘానికి ఆమే అధ్యక్షురాలు. అక్టోబరు నెలాఖరున నేలమాళిగలోని ఆవిరి బాయిలర్ నిలువునా పగిలి నీళ్ళు కక్కేసింది. మరుసటి వారం కాక ఆపై వారం మంగళవారానికి సరస్సు మీంచి మొదటి మంచు దిగుతుందని వార్తల్లో చెబుతున్నారు. ఆలోగా ఇళ్ళు వెచ్చబడకపోతే నగర అధికారులు తలుపుకి నోటీసు అంటించి అందరినీ ఖాళీ చేయిస్తారు.

అంతకుముందు వచ్చిన మేస్త్రీ ఒకడు పాత బాయిలర్ మీద సైజు రాసి ఉన్న రేకు చదివి, "ఇంతదే ఇంకొకటి తెచ్చి పడేస్తా" అన్నాడు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. అందరూ సరేననబోతుంటే డొలొరెస్ అడ్డం పడింది. వాళ్ళ అక్క ఉండే భవనంలో కాజ్ పెట్టిన బాయిలర్ చప్పుడు లేకుండా పనిచేస్తోంది మరి.

కాజ్ ఆ రేకు వంక కన్నెత్తి చూడలేదు.

"తాత చొక్కా కొలతతో మనవడికి కుట్టిస్తావా అమ్మా? ఇది బొగ్గు రోజుల నాటిది. అప్పట్నుంచి ఎన్ని రేడియేటర్లు పీకి పారేశారో! మిగిలినవన్నీ నిండేంత ఆవిరి వస్తే చాలు. బాయిలర్ పెద్దదైతే ఊరికే ఆగుతూ వెలుగుతూ గ్యాసు మింగుతుంది. చిన్నదైతే చివరి ఇంటాయన కోటు వేసుకుని పడుకోవాలి. అన్నీ లెక్కపెట్టాల్సిందే."

"ఎన్నాళ్ళయ్యా?"

"మధ్యలో ఎవరూ మాట్లాడకపోతే ఒక్కరోజు."

లిండెన్ కోర్ట్‌లో మాట్లాడకుండా ఉండేది గోడలూ, మూడో అంతస్తు టటిల్ గారూ మాత్రమే.

శుక్రవారం రెండో అంతస్తులో మొదలైంది. "ఐదు, ఆరు, ఏడు..." అంటుండగా టెరెసా పెలెగ్రినో వంటింట్లోంచి తొంగిచూసింది.

"సూప్ వేడిగా ఉంది, తాగుతావా?"

"తాగుతాను. ఒకటి, రెండు..."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. ఒకటి..."

ఆ ఒక్క ఇంట్లో రెండు గంటలూ మూడు గిన్నెల సూపూ అయిపోయాయి. కింది అంతస్తులో ఒకాయన తన ఇంట్లో రేడియేటరే లేదని ఒట్టేశాడు. కాజ్ బూట్ల బీరువా పక్కకి జరిపాడు. వెనక పన్నెండు పక్కటెముకలది దుమ్ములో కూర్చుని ఉంది. "పదేళ్ళుగా నా బూట్లు ఎందుకు వెచ్చగా ఉంటున్నాయో ఇప్పుడు తెలిసింది!" అన్నాడాయన.

సోమవారం పొద్దుటికి టటిల్ గారి ఇల్లొక్కటే మిగిలింది. హోరేస్ టటిల్ ధాన్యం గోదాముల్లో ముప్ఫై ఏళ్ళు తూకం చూసి రిటైరైన మనిషి. భార్య పోయిన రెండేళ్ళలో ఆయన ఎవరికీ తలుపు తీయలేదు. సరుకుల సంచి కూడా గుమ్మం దగ్గరే పెట్టి పోవాలి.

డొలొరెస్ తలుపు తట్టింది.

"ఎవరూ అక్కర్లేదు!" అని లోపలినుంచి కేక.

"ఈ ఒక్కటీ అంచనా వేసెయ్యి కాజ్, నీకు పుణ్యముంటుంది."

"అంచనా వేస్తే చలి ఆగదమ్మా." కాజ్ ఆ గుమ్మం ఎదురుగా నడవాలో ఉన్న రేడియేటర్ ముందు చతికిలబడ్డాడు. టక్కు టక్కుమని తట్టి, "ఎనిమిది!" అన్నాడు గట్టిగా.

తలుపు వెనక ఎవరో దగ్గారు.

"కాదు కాదు. ఏడు."

"తొమ్మిది!" అంది తలుపు.

"నాకు పదకొండు వస్తున్నాయే?"

గొళ్ళెం ఊడిన చప్పుడైంది. గౌనులాంటి ఇంటి కోటులో టటిల్ గారు బయటికొచ్చారు.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావయ్యా? నీకు ఈ పని ఎవడిచ్చాడు? జరుగు!" అంటూ తనే వంగి ఒక్కొక్కటీ తట్టి తొమ్మిదని తేల్చారు. ఆ ఊపులోనే లోపలికి తీసుకెళ్ళి తన ఇంట్లో మూడింటినీ దగ్గరుండి లెక్కపెట్టించారు.

డొలొరెస్ ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య! ఇక బాయిలర్ తెప్పిస్తావుగా?"

కాజ్ తల గోక్కున్నాడు. "మిగతా ఇళ్ళలో తప్పానేమోనని అనుమానంగా ఉందమ్మా. మళ్ళీ అన్నీ చూడాలి. టటిల్ గారూ, మీరు తోడొస్తే..."

"రాక చస్తానా? నీ లెక్కని నమ్ముకుంటే మేమంతా గడ్డకట్టి చస్తాం."

డొలొరెస్ గోడకి చేరగిలబడింది.

ఆ మూడు రోజులూ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. కాజ్ తప్పడం, టటిల్ గారు తిట్టడం. టెరెసా సూప్ రెండు గిన్నెల్లో పోయసాగింది. బుధవారం బూట్లాయన ఇంట్లో పేకాట కూడా పడిందని తెలిసి డొలొరెస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఉత్తరాల పెట్టె దగ్గర జనం ఆమెని నిలదీస్తున్నారు. "ఆయన ఆ ఎముకలు లెక్కపెట్టేలోగా మా ఎముకలు బిగుసుకుపోయేలా ఉన్నాయి తల్లీ!"

గురువారం పొద్దున్నే, కాజ్‌ని పనిలోంచి తీసేద్దామని ఆమె నేలమాళిగకి దిగింది. అక్కడ లారీవాళ్ళు కొత్త బాయిలర్ దించుతున్నారు. పాతదాంట్లో సగం కూడా లేదు. చీటీ లాక్కుని చూసింది. ఆర్డరిచ్చింది సోమవారం మధ్యాహ్నం.

"సోమవారమే చెప్పేశావా? మరి ఈ మూడ్రోజులూ నా ప్రాణం ఎందుకు తోడావయ్యా?"

కాజ్ అటూ ఇటూ చూశాడు. "ఈ భవనంలో మిగతా ఇరవై మూడు ఇళ్ళవాళ్ళని టటిల్ గారికి మళ్ళీ కలపాలిగా. మూడ్రోజులు పట్టింది."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"నీ మొహంలో ఏదీ దాగదమ్మా. ఆయన ఇట్టే పసిగట్టేవాడు."

"అంటే, పలకరిస్తే లెక్క మర్చిపోవడం కూడా..."

"లెక్కపెట్టడం నిజంగా నా జబ్బే," అన్నాడు కాజ్ సిగ్గుపడుతూ. "మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం ఆ ఇంట్లో మనిషిని బట్టి." డొలొరెస్‌కి తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. పోలిష్ బేకరీ నుంచి తెచ్చుకున్న కేకు మొత్తం ఆయన చేతిలో పెట్టేసింది.

సోమవారం సాయంత్రానికి ఆవిరి పైకెక్కింది. కింది ఇంటినుంచి చివరి ఇంటిదాకా అన్ని రేడియేటర్లూ వెచ్చబడ్డాయి. మంగళవారం చెప్పినట్టే మంచు పడింది. డొలొరెస్ గుమ్మం ఊడుస్తుంటే టటిల్ గారు కోటు, టోపీ, జేబులో కొలత టేపుతో దిగివచ్చారు.

"ఈ మంచులో ఎక్కడికండీ?"

"కాజ్‌కి పడమటివైపు ముప్ఫై ఇళ్ళ భవనం తగిలింది. నేను లేకుండా ఎలా?" ఆయన గొంతు తగ్గించారు. "మంచివాడేగానీ, పాపం, తొమ్మిదిదాకా తిన్నగా లెక్కపెట్టలేడు. ఎక్కడా అనకు. మనం వాడి పొట్ట కొట్టినట్టవుతుంది."

"అయ్యో, నేనెందుకు అంటానండీ," అంది డొలొరెస్. "మీరే లేకపోతే ఆయన గతేమయ్యేదో!"

పొంగుకొస్తున్న నవ్వు దాచుకోవడానికి ఆమె వంగి, ఆయన బూటు తాడు బిగించి కట్టింది.