పత్తిపులి తండ్రికి మట్టి

దర్శిలో దూదేకుల బుడే సాహెబ్ ఎందరిని చంపాడని అడిగి చూడండి. పదమూడు మంది అనేవాళ్ళున్నారు. కాదు, జమీందారు బావమరిదిని కూడా కలుపుకోవాలని పోట్లాటకు దిగేవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆ మనిషి నిండు జీవితంలో చంపింది నల్లుల్ని. అవీ పాత పరుపులు విప్పేటప్పుడు, తప్పనిసరై. ఇంత చిన్న సంగతి ఊరిచేత ఒప్పించడం బ్రహ్మతరం కాలేదు.

బుడే సాహెబ్ పని దూది ఏకి పరుపులు కుట్టడం. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. చేలల్లో పత్తి తీతలు అయిపోయి జనం చేతుల్లో నాలుగు డబ్బులు ఆడే రోజులు రాగానే, దూదేకే నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని సైకిలెక్కేవాడు. పొదిలి, అద్దంకి, కనిగిరి, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఇంటికి మళ్ళీ ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు, ఇక భార్య సర్దార్‌బీకి ఏం తెలుస్తుంది. తండ్రి హుస్సేన్ సాహెబ్‌కు మోకాళ్ళు పోయాయి, చూపు మసకేసింది. వసారాలో నులకమంచం మీద కూర్చుని, ఒకప్పుడు తాను ఏకిన దూది గురించి వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకోవడమే ఆయన పని. "నా చేతి దిండులో గింజ దొరికితే చూపించమనండి, మీసం తీయించుకుంటా" అనేవాడు. మీసం చివరిదాకా అలాగే ఉంది.

ఎనభై అయిదులో అనుకుంటా, జయరావు మేష్టారి ఇంట్లో పరుపు ఏకడానికి పిలుపు వచ్చింది. మేష్టారంటే బళ్ళో చెప్పే మేష్టారు కాదు. కొట్లకు బోర్డులు రాస్తాడు, చర్చి గోడ మీద వాక్యాలు రాస్తాడు, గుంటూరులో ఒక ప్రెస్సువాళ్ళకు నెలనెలా బొమ్మల పుస్తకం గీసి పంపుతాడు. ఆ రోజు పెరట్లో బుడే సాహెబ్ మూతికి గుడ్డ కట్టుకుని విల్లు మోగిస్తుంటే, దూది లేచి జుట్టు తెల్లబడింది, కనుబొమ్మలు తెల్లబడ్డాయి, కళ్ళు రెండే ఎర్రగా మిగిలాయి. జయరావు గుమ్మంలో నిలబడి అలా చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి కాయితం తెచ్చుకున్నాడు.

"కాస్త అటు తిరుగు బుడే సాహెబూ. మీ నాయన పేరేంది?"

"హుస్సేన్ సాహెబండి. ఎందుకండి?"

"ఊరికే."

ఆ ఊరికే అన్న మాట కొంప ముంచింది. రెండు నెలలకు బస్టాండు బడ్డీకొట్లో పుస్తకాలు వేలాడాయి. అట్ట మీద తెల్లజుట్టు, మూతికి గుడ్డ, చేతిలో దూదేకే విల్లు, ఎర్రటి కళ్ళు. పేరు పత్తిపులి.

కథ ఏమిటంటే, హుస్సేన్ సాహెబ్ అనే దూదేకులాయన జమీందారుకు ఒక దిండు కుట్టి ఇస్తాడు. అందులో ఒకే ఒక్క పత్తిగింజ ఉండిపోతుంది. అది మెడలో గుచ్చుకుని జమీందారుకు తెల్లవార్లూ నిద్ర పట్టదు. పొద్దున్నే మనుషుల్ని పంపి హుస్సేన్ సాహెబ్‌ను నడివీధిలో నరికిస్తాడు. కొడుకు ఆ రక్తం చూసి, "దీనికి బాధ్యులైన వాళ్ళెవరికీ ఈ భూమ్మీద నిద్ర లేదు" అని శపథం చేసి గుర్రమెక్కి పోతాడు. కొండల్లో ఒక గుడ్డి సన్యాసి దగ్గర హత్యావిద్య నేర్చుకుంటాడు. ఇక అక్కణ్ణుంచి ఒక్కొక్కణ్ణి వింటి నరంతో పీక బిగించి పంపించేస్తుంటాడు. చచ్చినవాడి తలకింద మెత్తటి దిండు పెట్టి మరీ వెళతాడు. ఆ దిండు చూసి పోలీసులు హడలిపోతారు.

మొదటి నెలలోనే ఊరికి మతి పోయింది. బొమ్మ బుడే సాహెబ్‌ది, విల్లు బుడే సాహెబ్‌ది, తండ్రి పేరు ఆయన తండ్రిదే. మిగతాది మాత్రం అబద్ధం ఎలా అవుతుంది? నెలల తరబడి ఊళ్ళు పట్టుకుని తిరగడానికి కారణం ఇదన్నమాట అని జనం తేల్చేశారు. పరుపు కుట్టించుకునే ఇళ్ళల్లో ఆయనకు ముక్కాలిపీట పోయి కుర్చీ వచ్చింది. కానిస్టేబులు ఎదురైతే తానే సైకిలు దిగి ఆయనకు దారి ఇచ్చాడు.

మోతుబరి వెంకటనారాయణ అయితే మిట్టమధ్యాహ్నం ఇంటికే వచ్చాడు. దాయాదికీ ఆయనకూ మిరపచేను గట్టు మీద తగువు. గొంతు తగ్గించి, "మావాడొకడున్నాడయ్యా, నిద్ర బాగా ఎక్కువైంది వాడికి" అన్నాడు.

"పరుపు గట్టిగా ఉంటే అంత నిద్ర పట్టదండి. కొబ్బరిపీచు వేయించండి" అన్నాడు బుడే సాహెబ్.

వెంకటనారాయణ చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, "అబ్బో, ఎంత తొణక్కుండా మాట్లాడతావయ్యా. పనిమంతుడంటే నువ్వే" అని లేచిపోయాడు. ఈ రాకపోకల సంగతి తెలిసి దాయాది తనంతట తనే గట్టు వెనక్కి జరుపుకున్నాడు. వారం తిరక్కుండా బుడే సాహెబ్ వాకిట్లో మిరపకాయల బస్తా దిగింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పచ్చడి పట్టుకోవడానికి పనికొచ్చింది కదా అని సర్దార్‌బీ లోపల పెట్టించింది. పులి అయితే అయ్యాం, మన సొమ్మేం పోయింది అనుకున్నాడు ఆ అమాయకుడు.

పోయేది ఇంట్లోనే ఉందని తర్వాత తెలిసింది. వీధిలో పిల్లలు వసారా ముందుకు వచ్చి, "తాతా, నువ్వు చచ్చిపోయావంటగా" అని ముసలాయన్ని అడిగారు. ఆయన నవ్వి, ఆ పుస్తకమేదో తెమ్మని కోడలిచేత చదివించుకున్నాడు. సర్దార్‌బీ అయిదో తరగతిదాకా చదువుకుంది. కూడబలుక్కుని చదివింది.

గింజ దగ్గర ముసలాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నేనేకిన దూదిలో గింజా? ఆ జయరావుగాడి కళ్ళల్లో ఉంది గింజ" అని తిట్టి, కాస్త చల్లబడి, "ఊఁ, తర్వాత?" అన్నాడు.

"తర్వాత నిన్ను నరికారు మామా. మీ అబ్బాయి శపథం చేసి గుర్రమెక్కాడు."

"మరి నన్నో?"

"నువ్వు అక్కడే ఉన్నావు."

"అక్కడే అంటే?"

"నేల మీద."

సర్దార్‌బీ పేజీలు తిప్పింది. కొండలు వచ్చాయి, సన్యాసి వచ్చాడు, పీకలు బిగిశాయి. ఒక్కో పేజీకి ముసలాయన అడిగేవాడు, "నన్ను లేపారా?" అని. లేదనేది కోడలు. పుస్తకం అయిపోయింది. హుస్సేన్ సాహెబ్ ఇంకా ఆ నడివీధిలోనే పడి ఉన్నాడు. స్నానం లేదు, ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ లేదు, నమాజు లేదు.

ఆ పూట నుంచి ఆయన కొడుకుతో మాట మానేశాడు. బుడే సాహెబ్ పళ్ళెం తెచ్చి పెడితే గోడవైపు తిరిగేవాడు. కోడలు పెడితే నాలుగు మెతుకులు కతికేవాడు. కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని, "నాయనా, అది బొమ్మల పుస్తకం. నేను గుర్రమెక్కిందెక్కడ, నాకున్నది పాత సైకిలు" అని బతిమాలాడు.

"పగ ముఖ్యమైందిరా నీకు. నాయన ముఖ్యం కాలేదు" అన్నాడు ముసలాయన గోడతో.

తర్వాతి నెల పుస్తకం వచ్చింది, ఆ పై నెలదీ వచ్చింది. రెండింటిలోనూ హత్యలే తప్ప ముసలాయన ఊసు లేదు. ఆయన చిక్కి సగమయ్యాడు. మంచం మీద పడుకుంటే మనిషి ఉన్నాడా లేడా అని దుప్పటి ఎత్తి చూడవలసి వచ్చేది. బుడే సాహెబ్‌కు గుండె చెరువైంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరు నవ్వుకుంది గానీ, తన తండ్రి ఒక బొమ్మ కోసం నిజంగా చచ్చిపోయేట్టున్నాడని ఆయనొక్కడికే తెలుసు.

పనిలోంచి అట్నుంచటే జయరావు ఇంటికి వెళ్ళాడు. విల్లు భుజాన ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. గుమ్మంలో జయరావు భార్య దేవకుమారి బియ్యం ఏరుతోంది. ఎండలో దూది కొట్టుకుపోయిన తెల్లటి మనిషిని, విల్లును, ఎర్రటి కళ్ళను చూసింది. చేట అక్కడే వదిలేసి లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

"మేష్టారూ, ఒక్క మాట" అన్నాడు బుడే సాహెబ్ కిటికీ దగ్గర.

జయరావు కుంచె వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ మనిషికి హత్యావిద్య నేర్పింది తనే కదా, ఎంత బాగా నేర్పాడో ఆయనకు తెలుసు. "నీకేం కావాలో చెప్పు బుడే. చేసేద్దాం" అన్నాడు.

"మా నాయన్ని మట్టి చేయించండి."

"ఏంటి?"

"మూడో పేజీలో వీధిలో పడేసి పోయారు మీరు. నెలలు గడుస్తన్నాయి. ఆయన అన్నం తినడం లేదండి."

జయరావుకు ప్రాణం లేచి వచ్చింది. ప్రాణంతోపాటు రచయిత బుద్ధి కూడా లేచింది. "అట్టా కుదరదయ్యా. ఇప్పుడు పులి వెనక్కొచ్చి చావు చేస్తే కథ నడక ఆగిపోద్ది. ప్రెస్సాయన నెలనెలా హత్యలు లేనిదే ఒప్పుకోడు."

"బతికించమనడం లేదుగా మేష్టారూ. చచ్చిపోయినవాణ్ణి చచ్చిపోయినట్టు చూడమంటన్నా."

జయరావు తలుపు దగ్గరికొచ్చాడు. గడియ తీశాడు. ఎలా చేస్తారో చెప్పమన్నాడు. బుడే సాహెబ్ అరుగు మీద కూర్చుని చెప్పాడు: స్నానం, తెల్లగుడ్డ, నమాజు, భుజాలు మార్చుకుంటూ మోయడం, ఒక్కొక్కరూ మూడేసి గుప్పిళ్ళ మట్టి. జయరావు అన్నీ గీసుకున్నాడు. చివర్న తలకింద చిన్న దిండు కూడా గీశాడు.

"మాలో దిండు పెట్టరండి."

"నాకు కావాలయ్యా. గింజ లేని దిండు. అది లేకపోతే మీ నాయన మీద పడ్డ మాట పోదు."

బుడే సాహెబ్ లేచి విల్లు భుజాన వేసుకున్నాడు.

ఆ నెల పత్తిపులి ఎవరినీ చంపలేదు. పుస్తకమంతా చావు పనే. అందులో ఊరంతా కదిలి వచ్చింది, జమీందారు మనుషులు కూడా తలపాగాలు తీశారు. గుంటూరులో ఒక్క కాపీ కదల్లేదని ప్రెస్సాయన జయరావును ఏకిపారేసి పుస్తకం ఆపేశాడు. ఎంతమంది వేటాడినా దొరకని పత్తిపులి, తండ్రిని మట్టి చేసి తాను పోయాడు.

సర్దార్‌బీ వసారాలో కూర్చుని చదివింది. ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మోసేదెవరు?"

"ముందు భుజం మీ అబ్బాయిదే మామా."

"గుర్రమో?"

సర్దార్‌బీ బొమ్మలో వెతికింది. "వెనక, గుంజకు కట్టేశాడు."

"కట్టేశాడూ?" అని ముసలాయన ఆ పేజీ చేతుల్లోకి తీసుకుని, కనబడకపోయినా కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత కొడుకును పిలిచి అన్నం పెట్టమన్నాడు. తింటూ చెప్పాడు. "మా నాయన పోయినప్పుడు నేను అద్దంకిలో పరుపు కుడతన్నారా. కబురొచ్చేసరికి మట్టి ఆరిపోయింది. నువ్వూ నాలాగే సైకిలెక్కి పోతావు. నాకదే భయం. నాకు చావంటే భయం లేదురా."

బుడే సాహెబ్ తల వంచుకుని, "పోను నాయనా" అన్నాడు.

ఆ ఏడు పత్తి తీతలయ్యాక కనిగిరి నుంచి కబురొచ్చింది, పొదిలి నుంచి వచ్చింది. సైకిలు గోడకు ఆనించినట్టే ఉండిపోయింది. దర్శిలో, తన విల్లు మోత వసారాదాకా వినబడే వీధుల్లోనే పని ఒప్పుకున్నాడు. రాబడి సగమైంది. ముసలాయన మంచం మీద పడుకుని ఆ మోత వింటూ, "నరం వదులైంది, బిగించుకోమనండి" అని దారినపోయేవాళ్ళతో కబురు పంపేవాడు.

మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఒక మధ్యాహ్నం కబురు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. బుడే సాహెబ్ పక్క వీధిలో విల్లు అక్కడే పడేసి పరుగెత్తాడు. తండ్రి తల ఆయన ఒళ్ళోనే ఒరిగింది.

స్నానం ఆయనే చేయించాడు. ముందు భుజం ఆయనే పట్టాడు. గోరీల దొడ్లో చూస్తే ఊరు ఊరంతా ఉంది. వెంకటనారాయణ ఉన్నాడు, ఆయన దాయాదీ ఉన్నాడు, జయరావు ఉన్నాడు. పుస్తకం చదివిన పిల్లలైతే తలకింద దిండుకని ఒక్కొక్కరూ గుప్పెడు పత్తి పట్టుకొచ్చారు. దూదేకుల వాళ్ళ చావుకు అదే ఆచారమనుకున్నారు పాపం.

"ఇది మనలో లేదు బుడే. ఆ పుస్తకంలోది" అన్నాడు ముల్లా మెల్లగా.

"తెలుసండి" అన్నాడు బుడే సాహెబ్.

పిల్లల చేతుల్లోంచి పత్తి అంతా ఒళ్ళోకి తీసుకుని, ఇంకా పూడ్చని గోరీ పక్కన నేల మీద కూర్చున్నాడు. తీతలయ్యాక చేలో మిగిలిపోయిన పత్తి, నిండా గింజలే. ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి తీసి పక్కన పడేయడం మొదలుపెట్టాడు. ఎండ మండిపోతోంది. ఆ గింజలన్నీ తీయడం అయ్యేదాకా ఊరంతా నిలబడే ఉంది.