కంప్యూటర్ కోసం వేసిన బండ

మా కాలనీలో ఎవరింట్లోనైనా కంప్యూటర్ కొనే మాట వస్తే నన్ను అడుగుతారు, ల్యాప్‌టాప్ తీసుకోవాలా, డెస్క్‌టాప్ తీసుకోవాలా అని. ఇంట్లోనే కూర్చుని నాలుగు దుకాణాల లెక్కలు చూసే మనిషిని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఏది ఎందుకు మంచిదో ఓపిగ్గా చెప్తాను. చెప్పడం అయ్యాక నేనే ఒక మాట అడుగుతాను. ఇంతకుముందు మీకు సలహా ఇచ్చింది ఎవరు, దాన్ని ఏ గదిలో పెడదామన్నారు? వాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు. చాదస్తం అనుకుంటారేమో, అనుకోనీ.

మాది మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్లే దారిలో మేడ ఇల్లు. కింద నేను, నా భర్త, పిల్లలు, అత్తమ్మ. పైన మరిది, ఏరాలు. ఏరాలంటే తోటికోడలు. పడక గదులు వేరైనా వంట ఒక్కటే, అదీ కిందే. "నేనున్నన్ని రోజులు గీ ఇంట్ల ఒక్కటే పొయ్యి" అని అత్తమ్మ వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేది. మా దగ్గర అన్నదమ్ములు వేరుపడ్డారంటే స్థలం పంచుకోవడం తర్వాతి సంగతి. ముందు ఇంట్లో రెండో పొయ్యి వెలగాలి, దాని మీద పాలు పొంగాలి. అవి పొంగాయంటే ఆ రోజు నుంచి ఎవరి ఉప్పూ పప్పూ వాళ్లవే.

నేను కోడలిగా వచ్చేసరికి మరిది ఇంకా బడికి పోయే పిల్లాడు. నా భర్త జీడిమెట్లలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు, ఇప్పుడూ అక్కడే. అందుకని ఆ పిల్లాడికి డబ్బా కట్టడం, జ్వరమొస్తే తడిగుడ్డ వేయడం, మార్కులు తగ్గినప్పుడు అత్తమ్మ కోపం చల్లార్చడం అన్నీ నా వంతుకే వచ్చాయి. పెద్దవాడై ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరాడు. మొదటి జీతం అందిన రోజు వాళ్లమ్మకు ఒక చీర, నాకు అదే రకం చీర తెచ్చాడు. పెళ్లిచూపులకు శామీర్‌పేట పోయినప్పుడు, వదిన సరేనంటేనే నాకూ సరే అని అందరి ముందూ అన్నాడు. ఆ మాట తలచుకుని నేను ఎన్నాళ్లు మురిసిపోయానో చెప్పలేను.

పెళ్లికి ముందు నేర్చుకున్న లెక్కల పని నన్ను వదల్లేదు. కొంపల్లిలో ఒక ఆడిటర్ దగ్గర కొంతకాలం చేశాను. బస్సులూ, పిల్లల బడి వేళలూ కుదరక మానేసి, సిమెంటు దుకాణం, రైస్ మిల్లు, శామీర్‌పేట దగ్గర ఒక కోళ్ల ఫారం, ఇలా తెలిసినవాళ్ల పన్నుల లెక్కలు ఇంటి నుంచే చూస్తానని చెప్పుకున్నాను. దానికి సొంత కంప్యూటర్ కావాలి. నా మనసు ల్యాప్‌టాప్ మీద ఉంది. కరెంటు పోయినా పని ఆగదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే పక్కనే కూర్చుని నాలుగు బిల్లులు ఎక్కించుకోవచ్చు. అవసరమైతే సంచిలో పెట్టుకుని కోళ్ల ఫారం దాకా పోవచ్చు. ఇదంతా మరిదికి చెప్పాను. ఇంట్లో కంప్యూటర్ సంగతి అడగాలంటే అతన్నే కదా అడగాలి.

అతను వద్దన్నాడు. ల్యాప్‌టాప్ మీద వంగి పని చేస్తే మెడ పోతుందన్నాడు. వేడెక్కుతుంది, ఒకటి పాడైతే మొత్తం విప్పాలి, బాగుచేయడానికి రోజులు పడతాయి అన్నాడు. డెస్క్‌టాప్ అయితే ఏది పోతే అది మార్చుకోవచ్చు, మార్చడానికి నేను ఇంట్లోనే ఉన్నాను కదా అన్నాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. అబద్ధం చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట పట్టుకునేదాన్ని.

నేను ఇంకా ఊగిసలాడుతుంటే చివరికి ఒక మాటన్నాడు. "వదినా, ల్యాప్‌టాప్ అంటె ఒక్కలది. డెస్క్‌టాప్ అంటె ఇంటిది. రేపు పిల్లలు సదువుకుంటరు, అన్న జూస్తడు, అందరం జూస్తం."

ఆ 'అందరం' దగ్గర నేను కరిగిపోయాను. ఇంటిది అన్నాక ఇంకేం కావాలి నాకు. డెస్క్‌టాప్‌కే సరే అన్నాను.

ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. కింద రోడ్డు దుమ్ము, పైగా చోటు లేదు. పైన వెనక గది ఖాళీగానే ఉంది కదా అన్నాడు మరిది. ఒక చెక్క టేబుల్ కొనుక్కుంటానంటే, చెదలు పడుతుంది, గోడకు గ్రానైట్ బండ బిగిస్తే కలకాలం ఉంటుందన్నాడు. నా పని మీద ఇంత శ్రద్ధ నా భర్త కూడా పెట్టలేదు. మేస్త్రీ వచ్చిన రోజు నేనే చాయ్ పెట్టుకుని పైకి పోయాను. మరిది నన్ను చూసి, ఒక్కసారి గోడకు ఆనుకుని నిలబడు వదినా అన్నాడు. నిలబడ్డాను. మేస్త్రీ నా నడుము పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు.

కూర్చుని చేసే పనికి నిలబెట్టి కొలత తీయడమేమిటని అడిగాను. ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఇలాగే పెడుతున్నారట, నిలబడి కూడా పని చేసుకోవచ్చట, నడుముకు మంచిదట. ఎత్తు కుర్చీ తానే తెస్తానన్నాడు మరిది. మేస్త్రీ చాయ్ తాగుతూ ముసిముసిగా నవ్వాడు. నేనూ నవ్వాను. గది ఈ మూల నుంచి ఆ మూల దాకా నల్లబండ పడింది. ఒక చివర, బండ కింద, గోడకు నా పిడికిలి పట్టేంత రంధ్రం పెట్టారు. వైర్ల కోసమన్నారు.

కంప్యూటర్ వచ్చింది. బండ మీద ఒక చివర కూర్చుంది. మిగతా బండంతా ఖాళీ. దసరాకు మా ఇంట్లో ఆయుధ పూజ బాగా చేస్తాం. నా భర్త తన బండికి, అత్తమ్మ కత్తిపీటకు బొట్టు పెడితే, నేను కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశాను. మరిదే కొబ్బరికాయ కొట్టాడు. ఎత్తు కుర్చీ మీద కూర్చుంటే నా కాళ్లు నేలకు అందేవి కావు. సాయంత్రానికి మడమలు వాచేవి. అయినా ఆ గది నాకు ఇష్టంగా ఉండేది. ఏరాలు రోజూ వచ్చి ఖాళీ బండను ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచి వెళ్లేది. నేను వాడేది జానెడు, ఆమె తుడిచేది బారెడు. శుభ్రమైన పిల్ల అని అత్తమ్మతో మెచ్చుకున్నాను కూడా.

ఉగాది వెళ్లాక ఒకరోజు మరిది అన్నం తింటూ నా కాళ్ల వైపు చూశాడు. కాళ్లు వాస్తున్నాయి కదా వదినా, నీకు ల్యాప్‌టాప్ అయితే బాగుంటుంది, ఎక్కడ కూర్చుంటే అక్కడే పని అన్నాడు. కరెంటు పోయినా ఆగదన్నాడు, వంట పక్కన పెట్టుకోవచ్చన్నాడు, శామీర్‌పేటకు పట్టుకుపోవచ్చన్నాడు. మొదట్లో నేను చెప్పుకున్న కారణాలనే వరసగా నాకు అప్పజెప్పాడు. మరి మెడ సంగతేమిటి, వేడి సంగతేమిటి అని ఆటపట్టించాను. ఇప్పుడు కొత్తవి అలా లేవన్నాడు. డెస్క్‌టాప్ ఇంటిది కదా అంటే, ఇంటిదే, కింద పిల్లలకు ఉంటుంది అన్నాడు. అందులో 'కింద' అన్న మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి పోలేదు. నా కాళ్లు వాచిన సంగతి ఈ ఇంట్లో ఒకడు చూశాడని నాకు కళ్లు చెమర్చాయి.

ల్యాప్‌టాప్ తానే వెతికి తెచ్చాడు. మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకుని శామీర్‌పేట కోళ్ల ఫారానికి పోయాను. కోళ్ల అరుపుల మధ్య, ఒక దాణా బస్తా మీద కూర్చుని ఫారం యజమానికి లెక్కలన్నీ చూపించాను. నా అంతటి మనిషి లేదన్నట్టుగా తిరిగొచ్చాను. వచ్చేసరికి డెస్క్‌టాప్ కింద మేము తినే బల్ల మీద ఉంది, వైర్లు చుట్టచుట్టి దాని నెత్తిన పెట్టి ఉన్నాయి. పైన నీళ్ల చప్పుడు వినిపించింది. సంచి కూడా దించకుండా పైకెక్కాను.

బండ పైన గోడకు కొళాయి వచ్చింది. కింద రంధ్రం లోంచి నీళ్లు పోయే పైపు బయటికి పోయింది. నా కంప్యూటర్ ఉన్న చోట కొత్త గ్యాస్ పొయ్యి ఉంది. మరిది కిందకు వంగి దాని ట్యూబు బిగిస్తున్నాడు. ఏరాలు నన్ను చూసి చేతిలో గుడ్డతో సహా పడక గదిలోకి పోయింది.

"ఏందిది?" అన్నాను.

"పొయ్యి వదినా."

"బండ ఏసిన నాడే అనుకున్నరా?"

అతను తలెత్తలేదు. "అమ్మ ముంగట పొయ్యి మాట ఎట్ల దియ్యాల్నో తెల్వలె వదినా."

వేరుపడటం తప్పని నేను అనను. మా వీధిలో పైనొక పొయ్యి, కిందొక పొయ్యి లేని ఇల్లు వెతికినా దొరకదు. కానీ నా పనిని అడ్డం పెట్టుకుని, నా కాళ్ల నొప్పిని అడ్డం పెట్టుకుని, చివరికి నా నడుము కొలత తీసుకుని ఇంట్లో రెండో పొయ్యి పెట్టారు. పరాయివాళ్లు చేస్తే దీన్ని మోసం అంటాం. సొంతవాడు చేశాడని వేరే పేరు ఎందుకు వెతకాలి? అంత కోపంలోనూ అత్తమ్మ గుర్తొచ్చింది. ఒకటే పొయ్యి అని ఊరందరికీ చెప్పుకున్న మనిషి, ఈ వార్త ఎలా తట్టుకుంటుందో అనుకున్నాను.

కిందకు దిగాను. అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, గుండె దిటవు చేసుకోమన్నట్టుగా మొదలుపెట్టాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"నాకెర్కే బిడ్డా. బండ ఏసెటప్పుడే జెప్పిండు. పెద్దోనికి గూడ ఎర్కే."

ఒకటే పొయ్యి అన్నావు కదా అత్తమ్మా అన్నాను. అది మందికి చెప్పుకునే మాట అంది. మరి నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నీకు జెప్తె నువ్వు కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటవ్. నీ కండ్లల్ల నీళ్లు జూస్తె ఆడు ఆగిపోతడు. ఆడు ఆగినా ఆ పిల్ల ఆగది."

అంటే తల్లికి భయపడి దాచలేదు. అన్నకు భయపడీ దాచలేదు. నా ఒక్కదాని దగ్గరే దాచారు, అదీ నా మాట వింటాడని దాచారు. ఇది గౌరవమో అవమానమో తేల్చుకోలేక చేటలో బియ్యం వైపు చూస్తూ కూర్చున్నాను. నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నో, ఏడ్చి ఆపేదాన్నో నాకూ తెలియదు. ఆ అవకాశం నాకు ఇవ్వలేదు. సాయంత్రం నా భర్త షిఫ్టు నుంచి వస్తే అతన్నీ అడిగాను. చెప్దామనుకున్నాను, కుదరలేదు అన్నాడు. దసరా నుంచి ఉగాది దాకా ఒకే మంచం మీద పడుకున్నవాడికి కుదరలేదట.

పాలు పొంగించే రోజు ఏరాలి పుట్టింటివాళ్లు శామీర్‌పేట నుంచి వచ్చారు. పెద్దకోడలి చేత్తోనే పొయ్యి వెలిగించాలన్నారు. పోకూడదనుకున్నాను. పోకపోతే, ఓర్వలేక రాలేదంటారు. పోయాను. ఎప్పుడో గోడకు ఆనుకుని నిలబడ్డ చోటే మళ్లీ నిలబడ్డాను. బండ సరిగ్గా నా నడుము దగ్గరకు వచ్చింది. ఏరాలు వచ్చి పక్కన నిలబడింది. మా ఇద్దరిదీ ఒకటే ఎత్తు, భుజం భుజం సమానం. పెళ్లిచూపుల రోజు ఆ మాట నేనే అని నవ్వించాను. వాళ్లమ్మ చూసి, వంటగట్టు మస్తు కుదిరిందని సంబరపడింది. నేను అగ్గిపుల్ల గీశాను. పాలు పొంగి బండ మీద పడ్డాయి. అందరూ మంచిదన్నారు.

నాలుగు రోజులు గడిచాక ఒక సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని రైస్ మిల్లు లెక్కలు చూస్తున్నాను. మరిది మెట్లు దిగొచ్చి తన పాత చోట్లో, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. చిక్కుడుకాయ కూర వాసన పైదాకా వచ్చిందన్నాడు. నేను తెరమీంచి కళ్లు తిప్పలేదు.

"ల్యాప్‌టాప్ ఎట్లుంది వదినా?"

"మంచిగనే ఉంది. ఇది నా ఒక్కదానిది."

లేచి వంటింట్లోకి పోయాను. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో అతనికి కంచంలోనే పెట్టాను. చెయ్యి అలవాటుగా కంచం మీదకే పోయింది. దాన్ని అక్కడే వదిలేసి, ఒక స్టీలు గిన్నె తీసి, ఇద్దరికి సరిపడా కూర వేసి, మూత పెట్టి, పక్కింటివాళ్లకు ఇచ్చినట్టు అతని చేతికి ఇచ్చాను. అతను గిన్నె వైపు, నా వైపు చూసి, లేచి మెల్లగా మెట్లెక్కాడు.