అన్నం మానేసిన క్రేన్ ఆపరేటరు

ఊళ్లో సగం భవనాలు అతని చేతి మీదుగా లేచినవే. టవర్ క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని లివరు కదిపాడంటే టన్నుల ఇనుము కూడా పాలగిన్నె దించినంత మెత్తగా కిందికి దిగేది. కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పేవాడు స్వయానా అతని బావమరిది.

అలాంటి మనిషికి కంపెనీ వైద్య పరీక్షలో షుగరు బాగా ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరు మాత్రల మోతాదు పెంచి, "వచ్చే పరీక్షకు ఇది దిగకపోతే మీరు క్రేన్ ఎక్కొచ్చని నేను సంతకం పెట్టలేను" అని తేల్చేశాడు. క్రేన్ దిగితే జీతం సగమవుతుంది.

ఆ మాట వినగానే భార్య కుట్టుమిషను ఆపేసింది. ఆమె ఇంట్లోనే స్కూలు యూనిఫాంలు కుట్టేది. అన్నం, రొట్టె మానేసి ఎవరో షుగరు దించుకున్నారని పక్కింటావిడ చెప్పగా విని ఉంది.

"రేపట్నుంచి మీకు అన్నం లేదు."

"మరేం తినాలి, గాలా?"

"గుడ్లు, ఆకుకూరలు, క్యాబేజీ, వేరుశనగలు. గాలి మీకెలాగూ పైన ఊరికే దొరుకుతుంది."

చెప్పినంత తేలిక కాలేదు. అన్నంతో నిండే కడుపును కూరలతో నింపాలంటే వాళ్లకొచ్చే డబ్బు ఏ మూలకు? బజారు కట్టేసే వేళకు వెళ్లి, వాడుతున్న ఆకుకూర, చితికిన క్యాబేజీ, ఎవరూ అడగని చేప తలలు బేరమాడి తెచ్చేది. గుడ్లు మాత్రం భర్తకే సరిపోయేవి. తనూ కూతురూ అన్నంలో నీళ్లలాంటి పులుసు పోసుకునేవారు.

ఒకరోజు అతను తన గుడ్డు తీసి కూతురి కంచంలో వేయబోయాడు. పిల్ల కంచం పక్కకు లాక్కుంది.

"నాకు గుడ్డు వాసన పడదు నాన్నా."

చిన్నప్పుడు ఒక్క గుడ్డు తక్కువైతే ఇల్లు పీకి పందిరేసిన పిల్ల అది.

మర్నాటి నుంచి భార్య పెరట్లో ఉన్న సమయం చూసి పనికి తీసుకెళ్లే తన డబ్బాలోని గుడ్లు కూతురి స్కూలు డబ్బాలోకి మార్చడం మొదలుపెట్టాడు. "మీ అమ్మకు చెప్పావో, చూడు" అని పిల్లను బెదిరించాడు. తనకు కాస్త క్యాబేజీ, గుప్పెడు వేరుశనగలు మిగిలేవి. సాయంత్రం భార్య అడిగితే "కడుపు నిండా తిన్నా" అనేవాడు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

ప్యాంటు వదులైంది. "బావా, జేబులో ఇటుక పెట్టుకో, గాలికి ఎగిరిపోతావ్" అని బావమరిది నవ్వాడు. షుగరు దిగుతున్నట్టుందని అతనూ లోలోపల సంతోషించాడు.

ఒక మధ్యాహ్నం ఇనుప కడ్డీల కట్టను పైకెత్తాడు. కట్ట కొత్త స్లాబు మీదికి వచ్చింది. దాని కింద కొందరు వంగి కడ్డీలకు తీగ కడుతున్నారు. అంతలో అతని చెయ్యి వణికింది. వీపంతా చల్లటి చెమట. కళ్లు నులుముకుని చూస్తే హుక్కులు రెండు కనిపించాయి.

"బావా, కట్ట ఊగుతోంది. ఏంటి సంగతి?" కింద నుంచి గొంతు వినిపించింది.

జవాబు చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. లివరు వదిలేస్తే క్రేన్ ఆగుతుంది, నిజమే. కానీ కట్ట వాళ్ల నెత్తి మీదే వేలాడుతుంది. ఇంకొంచెం పక్కకు జరిపి దించేస్తే ఎవరికీ తెలియకుండా పోతుందనిపించింది. లివరు మీద చెయ్యి వేశాడు. వేళ్లు తనవి కానట్టున్నాయి. కింద ఎవరో తల ఎత్తి నవ్వుతూ పైకి చెయ్యి ఊపారు.

"ఒరేయ్" అన్నాడు, నాలుక మొద్దుబారుతుంటే. "నాకు కళ్లు తిరుగుతున్నాయి. మనుషుల్ని తప్పించు."

బావమరిది క్షణం కూడా ఆలోచించలేదు. "అందరూ పక్కకు రండి, పరుగెత్తండి" అని అరిచాడు. తర్వాత వాకీటాకీలో, "బావా, లివరు వదిలెయ్. దేన్నీ ముట్టుకోకు. నేనొస్తున్నా" అన్నాడు. షుగరు పడిపోయి ఉంటుందనుకుని, టీ కాచే చోట దొరికిన చక్కెర పొట్లం పళ్ల మధ్య కరిచి పట్టుకుని నిచ్చెనెక్కాడు. పైకి వచ్చేసరికి బావ కిటికీకి తల ఆనించి ఏదేదో గొణుగుతున్నాడు. నోట్లో చక్కెర పోసి, సీసాలో నీళ్లు తాగించి, రెండు భుజాలూ పట్టుకుని కూర్చున్నాడు. మెల్లగా హుక్కు ఒక్కటైంది.

"కట్ట నేను దించేస్తాలే" అన్నాడతను.

"ముట్టుకుంటే చెయ్యి విరుస్తా."

పక్క క్రేన్ ఆపరేటరు వచ్చి దించాడు. ఇంజనీరు ఆ సాయంత్రమే అతన్ని కింది పనికి వేశాడు.

డాక్టరు అంతా విని తల పట్టుకున్నాడు. "నేను అన్నం తినే మనిషికని మాత్రలిచ్చాను. మీరు అన్నం మానేసి, గుడ్లు కూడా తినకుండా అవే మింగితే షుగరు పాతాళానికి పోదూ? ఒక్క మాట నాతో చెప్పాలి కదా." మాత్రలు తగ్గించి, పూటకు కాస్తంత అన్నమైనా తినమన్నాడు.

గుడ్ల సంగతి భార్యకు అక్కడే తెలిసింది. గుమ్మంలోకి వచ్చాక అంది: "నేను వండింది పారేసినా ఇంత బాధపడేదాన్ని కాదు. రోజూ నా మొహం చూస్తూ కడుపు నిండిందన్నారు చూడండి, అదీ."

లోపల కూతురు వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకే వంట, అందరి కంచంలోనూ ఒకటే. కూర ఎక్కువ, అన్నం తక్కువ, ఉన్న గుడ్లు ముగ్గురికీ సమానం. గుడ్లు లేని రోజు ఎవరికీ లేవు. సగం జీతంతో సంసారం ఈడ్చడానికి ఆమె కుట్టుపని పెంచుకుంది. అతను కింద సిమెంటు బస్తాలు లెక్కపెడుతూ, తన క్రేన్‌ను ఇంకెవరో తిప్పుతుంటే తలెత్తి చూడలేక గడిపాడు.

షుగరు నిజంగానే దిగింది, మెల్లగా. డాక్టరు సంతకం పెట్టినా, ఇంజనీరు ఇంకో పరీక్ష చేయించాకే ఒప్పుకున్నాడు. మళ్లీ ఎక్కే రోజు నిచ్చెన దగ్గర బావమరిది అడ్డంగా నిలబడ్డాడు.

"తిన్నావా?"

"తిన్నాను."

"నీ మాట మా అక్క నమ్మట్లేదు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న డబ్బా కూడా తెరిపించి చూడమంది."

అతను కోప్పడలేదు. సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి అన్నం, కూర, గుడ్డు చూపించాడు.